చెవి వెనక సుడి

ఒరేయ్,

తిట్టడానికే రాస్తున్నాననుకుంటావు. సగం నిజమే.

నీకు కత్తెర పట్టడం కూడా రాని రోజుల్లో, నా సెలూన్లో నా పక్కనే కుర్చీ వేయించి పని నేర్పాను. నీ చేయి తిరిగింది. నేను జ్వరంతో మంచాన పడ్డ వారంలోనే నా కస్టమర్లందరికీ నీ కొత్త సెలూన్ దారి చెప్పేశావు. లేచి వచ్చి చూస్తే నీ కుర్చీ ఖాళీ. ఆ తర్వాత వీధిలో ఎదురుపడినా ముఖం చాటేశావు. కడుపు మండిపోయింది రా.

సెలవు రోజున షట్టర్ సగం దించి, నీ జుట్టు నేనూ నా జుట్టు నువ్వూ కత్తిరించుకునేవాళ్ళం కదా. నువ్వెళ్ళాక నా తల ఇంకొకడి చేతిలో పెట్టబుద్ధి కాలేదు. జుట్టు కాలర్ దాటింది. "అన్నయ్య వచ్చేదాకా జడ వేసుకోండి, రబ్బరు బ్యాండు నేనిస్తా" అని మీ చెల్లెమ్మ ఒకటే నవ్వు.

నిన్న బస్సులో నా ముందు సీట్లోనే కూర్చున్నావు. నన్ను చూడలేదు. నీ కుడిచెవి వెనకున్న సుడి సంగతి తెలియనివాడెవడో కత్తిరించినట్టున్నాడు, అక్కడ జుట్టు ముళ్ళలా లేచి నిలబడింది. ఇంత కోపంలోనూ నా చేయి దానంతటదే దువ్వెన కోసం జేబులోకి వెళ్ళింది. నా స్టాపు వచ్చినా దిగలేకపోయాను.

ఈ సెలవు రోజునా షట్టర్ సగమే దించుతాను. వంగి లోపలికి రా. ఏమీ మాట్లాడక్కర్లేదు. నీ పని కాగానే, నాది కత్తిరించకుండానే వెళ్ళిపోతావేమో.

అయినా ముందు నీదే కత్తిరిస్తాను.

నీ పక్క కుర్చీవాడు