ఎనిమిదో పాఠం

సుజాతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్లు తోసుకుంటూ మనం తెగ వాదించుకున్న సంగతి ఈ రోజు తేల్చేశాను. డ్యూటీ దిగి, శంషాబాద్‌లో భాషలు నేర్పే సెంటరుకు వెళ్లాను.

"ఫ్రెంచ్‌తోని ఏం జేస్తవమ్మా? జర్మన్ నేర్చుకో, నౌకరీ జల్ది దొరుకుతది," అన్నాడు అక్కడి సారు.

నీతో నేనన్నదీ అదే. "నాకు ఫ్రెంచే గావాలె, నీకేంది?" అనేదానివి నువ్వు.

ఫారంలో ఫ్రెంచ్ అని రాశాను. నా దగ్గరే ఉండిపోయిన నీ ఫ్రెంచ్ పుస్తకంలో ఏడో పాఠం దాకా పెన్సిల్ గీతలున్నాయి. డ్యూటీ దిగి ఇంటికెళ్లే ఆరాంఘర్ బస్సులో నువ్వు ప్రశ్న చదివి జవాబు చెప్పమంటే, నేను పంతానికి కిటికీ వైపు తిరిగేదాన్ని.

ఇవాళ అదే బస్సులో ఎనిమిదో పాఠం తెరిచాను. ప్రశ్న నేనే చదివాను. జవాబూ నేనే చెప్పాను.