కట్టేసినా చల్లారని పొయ్యి

అక్కా,

నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. యాభై రెండేళ్లకు పెళ్లికూతురివయ్యావు, అక్కడైనా కాస్త ఆలస్యంగా లేస్తున్నావా?

ఇంటి ఓనరు ఇక గ్యాస్ వద్దన్నాడు. కరెంటు పొయ్యి కొనుక్కోవాలట. ఈ ఇంట్లో ఏది కొనాలన్నా నువ్వే చెప్పేదానివి. అందుకే మూడుసార్లు షాపుదాకా వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చాను.

ఇండక్షన్ పొయ్యి మీద అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయట. ఇంట్లో గిన్నెలన్నిటికీ అయస్కాంతం పెట్టి చూశాను. నీ సొట్ట టీగిన్నెకు మాత్రం అంటుకోలేదు. నీలాగే మొండిఘటం. "అది పారేసి కొత్తది తీసుకోండమ్మా" అన్నాడు షాపతను, ఆ సంగతి చెబితే. ఒళ్లు మండింది, వచ్చేశాను.

చివరికి నిన్న ఏ గిన్నైనా పెట్టుకోగలిగే కాయిల్ పొయ్యి తెచ్చాను. "కట్టేశాక కూడా అరగంట వేడి పోదు, కరెంటు దండగ" అన్నాడు షాపతను. ఆ మాట విన్నాకే ఖాయం చేసుకున్నాను. నవ్వకు, నువ్వెళ్లి నాలుగు నెలలైనా పొద్దున్నే ఇద్దరికి సరిపడా టీ పెట్టేస్తున్నాను. పారబొయ్యడానికి చెయ్యి రాదు. ఇవాళ నీ వంతు టీ నీ స్టీలు గ్లాసులో పోసి కట్టేసిన పొయ్యి మీద పెట్టాను. తాళం వేసి ఆఫీసుకు బయల్దేరేదాకా అది వేడిగానే ఉంది.

నీ చెల్లి