థాంక్స్ మానేసిన పిల్ల

అక్కా,

మా చిన్నదానికి తిరుగు టికెట్ చూడొద్దని బావగారితో చెప్పు. ఇంగ్లీషు చదువు కోసమని పదహారేళ్ళ పిల్లని దేశంకాని దేశంలో, ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో ఉంచి తప్పు చేశానేమోనని మొన్న నీ దగ్గర ఏడ్చాను కదా. ఆ ఇంటావిడ "పిల్లకి మా ఇల్లు నచ్చలేదు, వేరే ఇంటికి మార్చండి" అని స్కూలువాళ్ళతో అంది మరి!

తీరా ఆరా తీస్తే, మొదట్లో మంచినీళ్ళిచ్చినా థాంక్స్ చెప్పిన పిల్ల ఈమధ్య పూర్తిగా మానేసిందట. కోపమొచ్చిందేమోనని ఆవిడ బెంగ. దాన్ని ఫోన్లో నిలదీశాను.

"ఇంట్లోవాళ్ళకి థాంక్సేంటమ్మా? నీకెప్పుడైనా చెప్పానా?" అంది.

నిజమే, చెప్పలేదు. "ఆ మాట నాకు కాదే, ఆవిడకి చెప్పు" అన్నాను.

చెప్పిందట. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుందట. మర్నాడు టిఫిన్ దగ్గర ఎందుకైనా మంచిదని ఇది మళ్ళీ థాంక్స్ అంటే, "ఏం, పరాయిదాన్నయిపోయానా?" అని ప్లేటు వెనక్కి లాక్కుందట!

ఇక అక్కడే ఉంటుంది. నా పెంపకం సరైనదో కాదో నేనింకా తేల్చుకోలేదనుకో. టికెట్ కోసం తిరిగినందుకు బావగారికి థాంక్స్ రాద్దామనుకున్నాను. ఎందుకొచ్చిన గొడవని మానేశాను.

నీ చెల్లి