పెళ్లిలో నీ పేరడిగారు

నేస్తం,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్లాక రెండో కాఫీ కోత కూడా అయిపోయింది. మిరియాల తీగలు ఈసారి బాగా కాశాయి. మీ ఆవిడ కులాసా. నా మీద కేకలెయ్యడం మాత్రం మానలేదు. అసలు కబురు వేరే ఉంది... మొన్న మాఘంలో మీ అమ్మాయి సుక్రికి పెళ్లి చేశాం!

దానికి ముందు ఏం జరిగిందో చెప్తే నువ్వు నవ్వుతావు. నాకైతే అప్పుడు నవ్వు రాలేదు.

తండ్రి స్థానంలో ఎవరు నిలబడాలన్న మాటొచ్చింది. నేనున్నానుగా అనుకున్నాను. మీ అన్న ఒప్పుకోలేదు. ఎస్.కోట నుంచి దుప్పట్ల మూటతో సంతకొచ్చినవాడు, మన కొండవాడు కాదు, మావాడే పోయాక ఇంకా నేస్తరికం ఏమిటి అన్నాడట. రెండు పూటలు అన్నం సయించలేదు. అమ్మవారి ముందు ఒకే దొప్పలో కల్లు తాగి నేస్తం కట్టుకున్నాం కదా... నువ్వు లేకపోతే నేను మీ ఇంటికి ఏమవుతాను?

తేల్చింది సుక్రే. చిన్నాన్న నిలబడకపోతే పీటల మీద కూర్చోనంది. ఆ మొండితనం ఎవరిదో చెప్పాలా?

సరే, నిలబడ్డాను. ముహూర్తం పెట్టిన దిసారి పెద్దాయన, కొండదేవతలకు వినబడేలా పిల్ల తండ్రి పేరు చెప్పమన్నాడు. నోరు తెరిచాను. మాట రాలేదు! నేస్తం కట్టుకున్నవాళ్లు ఒకరి పేరొకరు పలక్కూడదు కదా... ఓసారి జీపు వెళ్లిపోతుంటే గాభరాలో నువ్వు నా పేరు కేకేశావు. “అయ్యో, నోరు జారిపోనాది! తప్పుకి కోడి కొయ్యాల, బేగి దిగు” అని ఎక్కిన జీపులోంచి నన్ను దింపేశావు, గుర్తుందా?

పెద్దాయన మళ్లీ అడిగాడు. డప్పులు ఆగిపోయాయి. మగపెళ్లివారు మొహమొహాలు చూసుకున్నారు. ముందు ముసలమ్మలకు అర్థమై పకపకా నవ్వారు. ఆ తర్వాత పందిరంతా ఒకటే నవ్వు.

మీ అన్న మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచొచ్చి, నా పక్కన నిలబడి, తనే నీ పేరు చెప్పాడు... అవతలి కొండకు వినబడేంత గట్టిగా. ఆయన కళ్లలో నీళ్లు. నాకూ ఆగలేదు.

ఆ వెంటనే తమ్ముడూ అని పిలిచి, నడుం చుట్టూ చెయ్యేసి నన్ను థింసా ఆటలోకి లాగాడు. నాకు అడుగులు రావని నీకు తెలుసుగా! పొద్దుగూకేదాకా ఆయన కాళ్లు తొక్కుతూనే ఉన్నాను. ఎంత సంతోషంగా ఉందో నీకెలా చెప్పను?

ఇంకో మాట. సుక్రి నెల తప్పింది. మగపిల్లాడైతే నీ పేరే పెడతారట. పెట్టుకోనీ... ఊరంతా ఆ పేరుతో పిలుచుకోనీ. నేను మాత్రం వాణ్ని నేస్తం అనే పిలుస్తాను.

ఉంటాను మరి,
నీ నేస్తం