బ్యాటరీకి పెట్టిన బొట్టు

రాజాం

బావా,

ఫోనెత్తవు కాబట్టి రాస్తున్నాను. నా కొట్లో కొన్న కేబుల్ నాసిరకమని ఊరంతా చెప్తున్నావట.

పడవ మోటారు బ్యాటరీ టెర్మినళ్లు తళతళలాడేలా గీకి, కేబుల్ గట్టిగా బిగించి, దగ్గర్లోనే ఫ్యూజు పెట్టమన్నాను. నువ్వు వాటికి దిట్టంగా పసుపు పూసి, బొట్టు పెట్టి, ఆపైన బిగించావు. లోహానికి లోహం తగలకపోతే అంత కరెంటుకి అతుకు కాలదా? పొగొస్తే “అమ్మోరు ధూపం అందుకున్నాది” అని దండం పెట్టావట! ఫ్యూజేమో అట్టపెట్టెతో సహా అమ్మవారి పటం ముందుందట.

బొట్టు పడవకి పెట్టుకో. అక్కని కూడా ఎక్కిస్తానంటున్నావు, దానికి ఈత రాదు.

అన్నట్టు, మళ్ళీ పూజకి పిలిస్తే మీ పూజారి పడవెక్కనన్నాడట: “మంతరం గట్టుమీంచి సదివినా అందుతాది బాబూ.”

నీ బావమరిది