మంచం మీద గొడుగు

పిన్నిగారికి మీ దర్జీ నమస్కారాలు.

ఫోనులో నా మాట మీకు గొణుగుడులా ఉంటుందన్నారని ఉత్తరం రాస్తున్నాను. మీరు మీ అమ్మాయిగారింటికి వెళ్తూ మీ వాటా కూడా మాకే అద్దెకిచ్చారు కదా, ఇల్లు బంగారంలా ఉంది. పడకగది కప్పు మీద మాత్రం అరచేయంత చెమ్మ కనిపించింది. దానంతటదే ఆరిపోతుంది లెండి.

మీ దర్జీ

తా.క.: అరచేయంటే మా బామ్మర్దిది. వాడు వస్తాదు. అన్నట్టు, అటక సర్ది పాత సామానంతా కిందికి దించాం. ట్రంకుపెట్టె, విరిగిన కుర్చీ, బాల్చీ. ఏదీ పారెయ్యలేదు.

---

నాయనా దర్జీ, పిన్ని దీవెనలు.

దానంతటదే ఆరడానికి అదేమన్నా నువ్వు ఉతికి ఆరేసిన చొక్కానా? కిటికీ వేసుకుంటున్నారా లేదా? డాబా మీద మీ ఆవిడ మొక్కలు పెంచుతోందా? ఇక్కడ మా అల్లుడు "ఆ పాతకొంప అమ్మేద్దాం అత్తయ్యా" అని రోజూ చెవిలో జోరీగలా ఒకటే పోరు. నేను ససేమిరా అంటున్నాను. ఆ ఇంట్లో పైపులన్నీ మా ఆయన, అదే మీ మాస్టారు, స్వయంగా బిగించినవి. లెక్కలు చెప్పే మనిషి, ప్లంబరును గడప తొక్కనివ్వలేదు. "నా పైపు చుక్క కారదు" అని పోయేదాకా ఎంత గర్వపడేవారో! దాని మీద ఎవరి చెయ్యీ పడకూడదు.

పిన్ని

తా.క.: నా జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టినప్పుడూ నువ్వు "బంగారంలా ఉంది" అనే అన్నావు. దించిన సామాను ఎక్కడివక్కడ పెట్టెయ్యి. ముఖ్యంగా బాల్చీ.

---

పిన్నిగారికి నమస్కారాలు.

మా ఆవిడ మొక్కలన్నీ పెరట్లోనే ఉన్నాయి. చెమ్మకు కారణం కనిపెట్టాను. నా ఇస్త్రీపెట్టె ఆవిరి! తప్పంతా నాదే. మాస్టారి పైపుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అసలు నేను అటు చూడనే లేదు. చూసినప్పుడు మాత్రం భేషుగ్గా ఉంది.

మీ దర్జీ

తా.క.: సామాను అటకెక్కించాను. బాల్చీ ఒక్కటే మంచం మీద పెట్టాల్సి వచ్చింది. మిగతా మంచం తడవకుండా పైన గొడుగు కట్టాం. పిల్ల దాన్ని ఇల్లనుకుని అందులోనే ఆడుకుంటోంది.

---

దర్జీకి పిన్ని రాసేది.

ఇస్త్రీపెట్టె ఆవిరికి కప్పు కారుతుందా? అదేమన్నా రైలింజనా? నాకు అర్థమైంది లే. పక్కవీధిలో కొత్త ఇళ్ళు కట్టారట కదా, అక్కడికి పోవడానికి సాకులు వెతుకుతున్నావు. వెళ్ళాలనుంటే తిన్నగా చెప్పు. నీ కూతురు నా వేలు పట్టుకుని నడక నేర్చింది ఆ వరండాలోనే. మీరే లేకపోతే ఇంక ఆ ఇల్లు నాకెందుకు? అల్లుడి మాటే కానిస్తాను. వచ్చే ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని వస్తున్నాను.

పిన్ని

తా.క.: ఆ గొడుగు మాస్టారిదైతే పుల్లలు జాగ్రత్త.

---

పిన్నిగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, అల్లుడుగారిని తీసుకురాకండి.

మేమెక్కడికీ పోము. అబద్ధాలు చాలించమని మా ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నిజం రాసేస్తున్నాను. మాస్టారి పైపు కారుతోంది. అటక మీద వంపు తిరిగే చోట చీలింది. మార్చేస్తే ఆయన మాట పోతుంది, మార్చకపోతే మీ ఇల్లు పోతుంది. మీకు చెప్పడానికి మాకు నోరు రాలేదు. అందుకని పైపుకి నేనే కొలతలు తీసుకుని, రెయిన్‌కోటు గుడ్డతో రెండు వరసల కుట్టేసి ఓ చొక్కా కుట్టి తొడిగాను. అది నీళ్ళతో పొట్ట ఉబ్బి అటక మీద ఢామ్మని పేలింది. పరుపు, దిండ్లు, కప్పు పెచ్చులు అన్నీ ఒకటైపోయాయి. నన్ను తిట్టండి, ఇల్లు మాత్రం అమ్మకండి.

మీ దర్జీ

తా.క.: మీతో చెప్పకూడదు గానీ, చొక్కా మాత్రం పైపుకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

---

ఒరే పిచ్చి సన్నాసీ, నీకూ నీ పెళ్ళాం పిల్లకూ పిన్ని దీవెనలు.

పైపుకి చొక్కా ఏమిట్రా! నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను, తర్వాత ఏడ్చాను కూడా. ఆ పైపు బిగించిన మర్నాడే కారడం మొదలుపెట్టింది. దాని కిందికే ఆ బాల్చీ. మీ మాస్టారు బడికి వెళ్ళగానే నిచ్చెనెక్కి పారబోసి, మళ్ళీ పెట్టేదాన్ని. సాయంత్రం ఆయన కప్పు కేసి చూసి, "చూశావా, చుక్క కారలేదు" అనేవారు. "మీ చేతికి తిరుగేముంది" అనేదాన్ని. నీకు తాళాలిచ్చాను, మీటరు చూపించాను, బాల్చీ సంగతి మాత్రం చెప్పలేకపోయాను. నీ మొదటి ఉత్తరానికే అనుమానం వచ్చినా, కిటికీ మీదికీ మొక్కల మీదికీ తోసేశాను. ఆయన పరువు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నువ్వూ ఓ పక్క పట్టుకున్నావు, నాకింకేం కావాలిరా?

రేపే ప్లంబరును పిలిచి పైపులన్నీ మార్పించు. కప్పు, పరుపు, అన్నీ నా ఖర్చే. ఇల్లు అమ్మేది లేదని అల్లుడి మొహం మీదే చెప్పేశాను. ఆ చీలిన ముక్క మాత్రం తుడిచి నాకు పంపు. చొక్కాతో సహా.

మీ పిన్ని

తా.క.: ఇక్కడ వంటింటి కుళాయి నిన్న అల్లుడే బిగించాడు, ప్లంబరు దండగన్నాడు. ఇవాళ అతను ఆఫీసుకు వెళ్ళగానే మా అమ్మాయి దాని కింద గిన్నె పెట్టింది. నేను చూడనట్టు పక్కగదిలోకి వెళ్ళిపోయాను.