మీ నాన్న దిగిన రైలు

అల్ ఘర్రాఫా, దోహా
13 ఫిబ్రవరి 2025, గురువారం

ప్రతిమా,

హాస్టల్లో నీ దుప్పటి సగం లాక్కుని పడుకున్న అపూర్వ దోహా నుంచి ప్రేమతో రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మా నాన్నా కూడా క్షేమమే. నిన్న మధ్యాహ్నం కాసేపు మాత్రం ఆ మాట రాయమంటే నా చెయ్యి ఆడేది కాదు. ఆ కాసేపట్లో ఏం జరిగిందో చెబుదామనే ఈ ఉత్తరం.

వాట్సాప్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. మీ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు పైకి చదివేస్తారు. కాగితమైతే మీ అమ్మ సంచిలో ఖర్జూరాల కింద భద్రంగా వస్తుంది. ఈ రాత్రి విమానానికే వాళ్ళ ప్రయాణం.

నెలాఖరులోగా ఇక్కడి ఆస్పత్రి వాళ్ళకి, ఉద్యోగంలో చేరతావో లేదో, నువ్వు అవుననో కాదనో చెప్పాలి. మీ నాన్న ఊరు చూడకుండానే కాదన్నారు. వచ్చి చూస్తే అవునంటారని నేను నీతో పందెం కాసి మరీ వాళ్ళని రప్పించాను. ఇందులో నా స్వార్థం లేదని బుకాయించను. నువ్వొస్తే మనిద్దరం గది తీసుకోవచ్చు. ఇరవై నాలుగేళ్ళొచ్చినా రాత్రి ఎనిమిది దాటితే ఎక్కడున్నావే అని ఫోను చేసే మా అమ్మ నుంచి నాకు విముక్తి. ఇక్కడే పుట్టి పెరిగాను, చదువయ్యాక ఇక్కడికే తిరిగొచ్చాను. పగలంతా ఈవెంట్ల కంపెనీలో కూర్చుని, ఈ నగరం ఎంత గొప్పదో రంగురంగుల కాగితాల మీద ఇంగ్లీషులో రాస్తాను. సాయంత్రం అయ్యేసరికి ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది. నువ్వుంటే బహుశా పారిపోనేమో.

మా ఇంట్లో అతిథులకి ఊరు చూపించడానికి ఒక సిలబస్ ఉందని నీకు తెలుసు కదా. మా అమ్మ శకుంతలమ్మ గారు తయారు చేసింది. అమెరికా వెళ్తూ మధ్యలో ఆగిన మేనమామలూ, మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్తూ దిగిన నాన్న ఆఫీసు మిత్రులూ, అందరికీ అదే. ముందు కోర్నిష్ అనే సముద్రపు ఒడ్డున పడవల దగ్గర ఫోటో, తర్వాత సూక్ వాకిఫ్ పాతబజారు, ఆ తర్వాత లోపల కాలువా పడవలూ ఉన్న మాల్. ఎవరు ఎక్కడ నోరు తెరుస్తారో అమ్మకి ముందే తెలుసు. మీ వాళ్ళ దగ్గర ఆ సిలబస్ మొత్తం తన్నేసింది.

కోర్నిష్‌లో ఎదురుగా అద్దాల భవనాలు చూపించి, ఎలా ఉంది అంకుల్ అన్నాను. ఆయన చాలాసేపు చూసి, గంత మీదికి నీళ్లెట్ల ఎక్కుతయమ్మా, కరెంటు పోతే నా బిడ్డ మెట్లెక్కి సచ్చుడేనా అన్నారు. సూక్‌లో డేగలు అమ్మే దుకాణానికి తీసుకెళ్ళాను. విదేశీయులు ఎగబడి ఫోటోలు తీసుకునే చోటు. వరసగా కమ్మీల మీద డేగలు, కళ్ళకి తోలు గంతలు. మీ నాన్న ఒక డేగ ముందు నిలబడి, చూసినవా, కండ్లు మూసి కూసోబెట్టిండ్రు, ఆడివిల్లను గూడ గిట్లనే కూసోబెడ్తరు గావచ్చు అన్నారు. మాల్‌లో పైకప్పుకి నీలాకాశం, తెల్లటి మబ్బులు పెయింట్ చేసి ఉంటాయి కదా. అక్కడైనా మెచ్చుకుంటారనుకుంటే, అబద్ధం ఆకాశం ఉన్న ఊర్ల నౌకరి నిజమైందేనా, ఒకసారి ఆ కాయిదాలు మళ్ల సూపియ్యమ్మా అన్నారు. నేను ఏది గొప్పగా చూపిస్తే అదే నీ మీద సాక్ష్యమైపోయింది.

ఆయన్ని తప్పు పట్టలేను. మెట్‌పల్లి బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసిన మనిషి. దుబాయ్ పోయినోళ్ల ముచ్చట్లు సగం నా బస్సులనే విన్న బిడ్డా అన్నారు రెండో రోజు టిఫిన్ దగ్గర. పోయేటప్పుడు కొత్త పెట్టెతోటి ఎక్కుతరు, వచ్చేటప్పుడు కిటికీలకెల్లి చూసుకుంట కూసుంటరు, మాట్లాడరు. మొగోని సంగతి గట్లుంటే, పోయొచ్చిన ఆడిదాని గురించి బస్సుల మంది ఏం మాట్లాడుతరో నేను చెవులార విన్న. నా బిడ్డ గురించి ఏ బస్సుల గూడ గసొంటి మాట వినబడద్దు. అంతే నా బాధ. నీది ఇళ్ళల్లో పని కాదు, ఫిజియోథెరపీ, ఆస్పత్రి అని నేను చెబితే, బస్సుల మందికి గా తేడా తెల్వదమ్మా అన్నారు. ఇది కతార్, దుబాయ్ కాదన్నాను. వాళ్లకు గది గూడ తెల్వది అన్నారు.

మీ అమ్మ మాత్రం మూడు రోజులూ ఊరి గురించి ఏమీ అనలేదు. ఆంటీ అంటే బ్యాంకుల పనిచేసేదాని లెక్కుంటది, పెద్దమ్మా అను అని మొదటి రోజే నాకు చెప్పింది. ఆ తర్వాత అన్నీ చూడటమే. బీడీలు చుట్టి చుట్టి అలవాటైన ఆ వేళ్ళు ఒళ్ళో ఊరికే కదులుతుండేవి. ఆవిడ ఏమనుకుంటోందో నాకు అంతుపట్టలేదు.

ఇక నిన్న. సిలబస్ పక్కన పడేసి, నువ్వు రోజూ పనికి ఎలా వెళ్తావో చూపిద్దామనుకున్నాను. మా నాన్న కారు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు డ్యూటీకి వెళ్ళిపోయింది. మేం ముగ్గురం ఇంటి దగ్గర బస్సెక్కి, మెట్రో ఎక్కి, ముషైరిబ్‌లో దిగాం. అక్కడ లైను మారి వెస్ట్ బే వైపు వెళ్తే నీ ఆస్పత్రి. మీ నాన్న బస్సులో డ్రైవరు బ్రేకు వేసే తీరు నుంచి స్టేషన్ నేల తుడిచే మిషన్ దాకా అన్నీ తనిఖీ చేస్తూ నడుస్తున్నారు. ఒక్కటి కూడా తప్పు దొరక్కపోయేసరికి మొహం చిన్నబోయింది. నాకు లోపల్లోపల ఆశ మొదలైంది.

రైలొచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారని నేను ఇద్దర్నీ ఫ్యామిలీ పెట్టెలోకి ఎక్కించాను. ఆడవాళ్ళూ పిల్లలూ, వాళ్ళతో వచ్చిన మగవాళ్ళూ అందులో కూర్చోవచ్చు. మీ అమ్మ లోపలికెళ్ళి కిటికీ పక్కన సీట్లో కూర్చుంది. మీ నాన్న గుమ్మంలో కాలు పెట్టి చుట్టూ చూశారు. ఒక్క మగవాడు కూడా లేడు. అంతా అబాయాలు, చీరలు, జీన్స్ ప్యాంట్లు, చంకల్లో పిల్లలు. అమ్మో, ఆడోళ్ల డబ్బా అని ఆయన నిప్పు తొక్కినట్టు ప్లాట్‌ఫాం మీదికి దిగిపోయారు. ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళ సీట్లలోంచి మగాళ్ళని లేపిన మనిషి కదా, ఎవరు చెప్పినా ఆ కాళ్ళు వినవు. ఫర్లేదు అంకుల్, రండి అని లాక్కురావడానికి నేనూ దిగాను. నా వెనక తలుపులు మూసుకుపోయాయి.

లోపల మీ అమ్మ. బయట మేమిద్దరం. మీ అమ్మ దగ్గర ఫోను లేదు. మా ఇంటి అడ్రసు లేదు. పాస్‌పోర్టు మా ఇంట్లో బీరువాలో ఉంది. నేను అద్దం మీద కొడుతూ, తర్వాతి స్టేషన్లో దిగండి, దిగి అక్కడే ఉండండి అని చేతులతో సైగ చేశాను. ఆవిడ నా వంక చూసి నెమ్మదిగా తల ఊపింది. రైలు వెళ్ళిపోయింది.

మేం వెనకొచ్చిన రైలెక్కి తర్వాతి స్టేషన్లో దిగాం. అక్కడ లేదు. ఆ తర్వాతి దాంట్లోనూ లేదు. మీ నాన్న బెంచీ మీద కూలబడ్డారు. ఎంతమంది తప్పిపోయినోళ్లను ఇండ్లకు చేర్చిన బిడ్డా, నా పెండ్లాన్ని నేనే పోగొట్టుకుంటి, నేనెందుకు దిగిన, నేనెందుకు దిగిన అని అదే మాట. ఆ క్షణంలో నాకు నీ ఉద్యోగం గుర్తులేదు, పందెం గుర్తులేదు. మీ అమ్మ చీర రంగేమిటని ఎవరైనా అడిగితే చెప్పగలనా అని ఒకటే భయం.

అడగనే అడిగింది, డ్యూటీలో ఉన్న కెన్యా అమ్మాయి. ఆకుపచ్చ చీర, కొప్పు, ముక్కుకి రెండు పక్కలా పుడకలు అని గడగడా చెప్పాను. ఆ పిల్ల వాకీటాకీలో అన్ని స్టేషన్లకీ చెప్పింది. మీ నాన్నకి నీళ్ళిచ్చి ఆయన పక్కనే నిలబడింది. వేరే వాళ్ళెవరో దారి అడిగితే నిలబడ్డ చోటు నుంచే చెప్పి పంపింది గానీ కదల్లేదు. మీ నాన్న భయంలో కూడా అది గమనించారు. మా డిపోల గూడ గిట్లనే జేస్తం, పాసింజరు ఏడుస్తుంటె ఇడిసిపెట్టం, ఈ పిల్ల మన డిపార్ట్‌మెంటే అన్నారు నాతో. ఇక్కడికొచ్చాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట అదే.

కాసేపటికి వాకీటాకీ పలికింది. చీర కట్టుకున్న అమ్మ లుసైల్‌లో ఉంది, అంటే లైను ఆ చివర. తిరుగు రైలెక్కించారు, వస్తోంది.

మీ అమ్మ రైలు దిగడం నువ్వు చూడాల్సింది. కొంగు నడుముకి దోపుకుని, పెళ్ళికెళ్ళి వచ్చినట్టు దిగింది. దిగి వెనక్కి తిరిగి లోపలున్న ఆడవాళ్ళకి చెయ్యి ఊపింది. వాళ్ళూ ఊపారు. అందులో సురయ్యా అనే నిజామాబాద్ ఆవిడ ఉందట. ఉర్దూలో మీ అమ్మతో మాట్లాడుతూ తోడొచ్చిందట. మీ నాన్న పరుగెత్తుకెళ్ళి, యాడ సచ్చినవే అని అరిచారు. మీ అమ్మ ఆయన్ని తాపీగా చూసి, నేను కూసున్నకాడనే ఉన్న, దిగింది నువ్వు అంది. ఆ కెన్యా అమ్మాయికి తెలుగు రాదు, అయినా పకపకా నవ్వింది. ఆ తర్వాత మీ నాన్నే నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చే దారంతా మీ అమ్మే మాట్లాడింది. మూడు రోజుల మాటలూ ఒక్కసారే. యూనివర్సిటీ స్టేషన్లో పుస్తకాలు పట్టుకుని ఆడపిల్లలు గుంపులుగా దిగారట. రైలు భూమి కిందికెల్లి ఒక్కపారి ఎండలకొచ్చిందట. ఎవరూ సీట్లోంచి లేపలేదట, ఏ ఊరు, ఎవని వెంట వచ్చినవని అడగలేదట. ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి నిద్రపోతూ మీ అమ్మ భుజం మీద తల వాల్చిందట, ఆఖరి స్టేషన్ వస్తే మీ అమ్మే లేపి పంపిందట. మీ నాన్న ఊకొడుతూ విన్నారు.

రాత్రి భోజనాల దగ్గర మా అమ్మ గోంగూర పప్పు వడ్డిస్తుంటే, ఆయన కంచంలోకి చూస్తూ నన్నడిగారు. ఆ దవాఖానకు ఏ స్టేషన్ల దిగాలె? పేరు చెప్పాను. అక్కడికెల్లి ఎంత నడువాలె? చెప్పాను. ఆడోళ్ల డబ్బాలనే ఎక్కమను, దినాం ఫోన్ జెయ్యమను, నీతోటే ఉండమను అన్నారు. బస్సుల మంది ఏమంటరో మరి అని నేనే భయపడుతూ అడిగాను. మందికి నేను చెప్త తియ్, ఇన్నేండ్లు వాండ్లు చెప్పింది నేను విన్న, ఇగ నేను చెప్పింది వాండ్లు వింటరు అన్నారు.

కాబట్టి తల్లీ, ఆస్పత్రి వాళ్ళకి రేపే రాసెయ్. మీ ఇంట్లో పెద్దలకి నమస్కారాలు అని ముగించాలి గానీ, మీ పెద్దలిద్దరూ మా హాల్లోనే కూర్చుని పెట్టె తాడు ఎవరు సరిగ్గా కట్టలేదని పోట్లాడుకుంటున్నారు. ఆ నమస్కారమేదో లేచి వెళ్ళి నేనే పెడతాను.

నీ రాక కోసం గది వెతకడం ఇవాళే మొదలుపెట్టిన,
అపూర్వ

తా.క. కవరు అంటించబోతుంటే మీ అమ్మ వంటింట్లోకి పిలిచింది. ఇది నీకొక్కదానికే రాయమంది, తనకి చెప్పడం రాదట. ప్రతిమా, మీ అమ్మ నిన్న తప్పిపోలేదు. నా సైగ ఆవిడకి సుబ్బరంగా అర్థమైంది. తర్వాతి స్టేషన్లో తలుపు తెరుచుకుంది, దిగే టైమూ ఉంది. దిగలేదు. ఆడిది ఒక్కతుంటె ఈ ఊర్ల ఏమైతదో నా కండ్లతోని నేను చూసుకోవద్దా బిడ్డా, అద్దాల మేడలు చూస్తె తెలుస్తదా అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది, ఈసారి గొంతు తగ్గించి. మీ అంకులు ముప్పై ఏండ్లు బస్సుల తిరిగిండు, నేను ఒక్కనాడన్న ఆఖరి స్టాపు దాక పోలే. ఏమున్నదో చూద్దామనిపించింది అంది. ఏముంది పెద్దమ్మా అన్నాను. ఏం లేదు, అందరు దిగి పోతరు, మనం కూసోవచ్చు అని నవ్వింది. మీ నాన్నకి మాత్రం ఆవిడ తప్పిపోయినట్టే లెక్క, నువ్వు నోరు జారకు. వెళ్తూ వెళ్తూ, ఆ లైనుకు అవుతలి కొస ఏం ఊరని అడిగింది. అల్ వక్రా, సముద్రం ఉంటుందని చెప్పాను. నీకు వంటసామాను తెచ్చే వంకతో మళ్ళీ వస్తుందట. అప్పుడు మనిద్దర్నీ ఇంట్లోనే ఉండమంది.